నాలుగో అంతస్తు తలుపు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ రోజు వరసగా రెండు షిఫ్టులు చేశాను. మూడోది కూడా చేసేవాణ్ణే. మా సీనియర్ మెకానిక్ మెడపట్టి గెంటినంత పని చేసి ఇంటికి పంపాడు.

ఇద్దరు మెకానిక్‌లు మానేసిన దగ్గర్నుంచి మా లిఫ్ట్ కంపెనీలో పనంతా మిగిలినవాళ్ల నెత్తిన పడింది. పోయిన వారం ఒక హోటల్లో లిఫ్ట్ పైకప్పు మీద గ్రీజు పెడుతూ, నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కునికాను. కాలు జారి ఉంటే ఇది రాసే పని తప్పేది. మా జట్టులోవాడు ఒకడు అది చూశాడు. అందరూ వాణ్ణి నవ్వులు అంటారు. చావు ఇంటికెళ్లినా పళ్లు బయటపెట్టుకునే ఉంటాడు. పొద్దున కంపెనీ బండిలో నా చేతిలో చిన్న పొట్లం పెట్టాడు. పగిలిన గాజు ముక్కల్లా ఉంది. ఏంట్రా ఇది అంటే ఐస్ అన్నాడు, నిద్ర దగ్గరికి రానివ్వని మత్తుమందట. టీ బదులు అనుకోరా, ఒక్కసారికి ఏం కాదు, నేను బతికి లేనా అన్నాడు.

వేసుకున్నాను.

ఎలా చెప్పాలి. నాలో ఇన్నాళ్లూ లో వోల్టేజిలో మిణుకుమంటున్న బల్బు ఒకటి ఉందనీ, దానికి ఇవాళే సరైన కరెంటు వచ్చిందనీ అనిపించింది. మోటారు చప్పుడు వింటే చాలు, ఏ బేరింగ్ అరిగిందో తెలిసిపోతోంది. ఇంటికొచ్చి వంటింటి అటక మొత్తం దింపి తుడిచి సర్దేశాను. అక్క గుమ్మంలోనే ఆగిపోయి, సూర్యుడు ఇవాళ ఎటు పొడిచాడ్రా అంది. అక్క కూతురు పిచ్చుక రెండో క్లాసు. నడవడం రాదు దానికి, గెంతడమే. మామయ్యకి పిచ్చెక్కింది, మామయ్యకి పిచ్చెక్కింది అని నా చుట్టూ గెంతింది. బావ వదిలేసి వెళ్లాక ఈ ఇంట్లో ముగ్గురం కలిసి ఇంత నవ్విన రోజు లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నిన్న మధ్యాహ్నం పడుకున్నవాణ్ణి ఇప్పుడు లేచాను. చీకటి పడబోతోంది.

పిచ్చుకని పార్కుకి తీసుకెళ్తానన్నాను. అది బూట్లు వేసుకుని నా మంచం పక్కన కూర్చుని, చూసి చూసి, బూట్లతోనే నిద్రపోయిందట. అక్క చెప్పింది, కోపంగా కూడా కాదు.

లోకమంతా తడిసిన అట్టపెట్టెలా ఉంది. ఏడుపొస్తోంది గానీ ఎందుకో తెలియడం లేదు. నవ్వులుకి ఫోన్ చేశాను. మొదటి రింగ్‌కే ఎత్తాడు, నా ఫోన్ కోసమే కూర్చున్నట్టు.

ఫిబ్రవరి 22

బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పెట్టుకున్నాను. ఆకలి అనేది ఒకటుందని గుర్తే ఉండడం లేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇసుక. పిచ్చుక చూడకుండా కంచంలోది చెత్తబుట్టలో వేస్తున్నాను.

అక్క పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. పొద్దస్తమానం జనం కళ్లలోకి చూడటమే దాని ఉద్యోగం. ఇవాళ నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, ఇంత ఎండలో నీ కంటిపాపలు ఇంత పెద్దవిగా ఎందుకున్నాయిరా అని అడిగింది. ఓవర్‌టైమ్ అన్నాను. ఓవర్‌టైమ్ చేస్తే కళ్లు వాస్తాయి గానీ పాపలు పెరగవు అంది.

చెయ్యి విదిలించుకుని వచ్చేశాను. జీవితంలో మొదటిసారి అక్క చెయ్యి విదిలించాను.

మార్చి 6

ఈ రోజు వేసుకోలేదు.

మార్చి 7

వేసుకున్నాను.

మార్చి 16, ఆదివారం

బ్రెడ్డు తింటుంటే దవడ పన్ను విరిగింది. బ్రెడ్డు! రాయి కాదు, ఎముక కాదు. అరచేతిలో ఉమ్మితే గోధుమరంగు పెంకు. దవడలు వాటంతటవే నూరుకుంటున్నాయి, నాకు తెలియకుండా. నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుంటోంది. ఎన్ని నీళ్లు తాగినా అంతే.

నవ్వులుకి చూపిస్తే పగలబడి నవ్వాడు. పైదవడ పళ్లసెట్టు మొత్తం ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించాడు. నీకింకా చాలా ఉన్నాయిలేరా, అప్పుడే బెంగెందుకు అన్నాడు, బోసినోటితో. వాడు నాకంటే రెండేళ్లు చిన్న.

ఇన్నాళ్లూ వాడివి మంచి పళ్లనుకున్నాను.

మార్చి 25, ఉదయం 5.30

ఎదురుగా బట్టల షాపు ముందు తెల్ల వ్యాను ఉంది. నిన్న కూడా ఉంది. షాపు తెరవకముందు వ్యానుకి అక్కడేం పని?

సాయంత్రం 6.00

ఇంకా ఉంది. డ్రైవర్ లేడు. లేకపోవడమే అనుమానం. మెట్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటూ దిగారు. ఒకడు నా పేరు అన్నాడు. తలుపు తీసి చూస్తే పక్కింటి మొగుడూ పెళ్లాం, చేతుల్లో బట్టల బకెట్లు. ఏం కావాలి బాబూ అన్నారు. ఎంత బాగా నటించారో.

ఏప్రిల్ 3

చేతి చర్మం కింద ఏవో పాకుతున్నాయి. చీమలంతవి. మోచేతి దగ్గర మొదలై మణికట్టు వైపు పోతున్నాయి. వెలుతురు పడితే లోపలికి పోతున్నాయి. అక్క కనుబొమ్మల పట్కారుతో ఒకదాన్ని పట్టాను. తీరా చూస్తే నా చర్మమే.

బాత్‌రూమ్ గడియ వేయడం మర్చిపోయాను. అక్క తలుపు తోసింది. సింకులో రక్తం, నా రెండు చేతులూ.  బాత్‌రూమ్ నేల మీదే చతికిలబడి, ఏం తీసుకుంటున్నావ్ రా, నిజం చెప్పు, నాన్న పోయినప్పటి నుంచి నిన్ను చంకనేసుకుని పెంచాను, నాకు చెప్పు అంది.

పురుగులక్కా అన్నాను. ఏవిరా పురుగులు, నాకు చూపించు అంది. చూపించాను. అది చాలాసేపు నిజంగానే చూసింది. వంగి, కళ్లజోడు పైకి తోసుకుని. చివరికి, లేవురా తమ్ముడూ, నా మీద ఒట్టు, లేవు అంది.

అప్పుడే అర్థమైంది, వ్యానులో వాళ్లు అక్కని కూడా కలుపుకున్నారని.

ఏప్రిల్ 6, ఆదివారం

పిచ్చుక పెన్సిలుతో బల్ల మీద కొడుతోంది. టక్, టక్‌టక్, టక్. కాసేపు ఆగి మళ్లీ. వ్యాను వైపున్న కిటికీ పక్కన కూర్చుని కొడుతోంది.

దాని మణికట్టు పట్టుకున్నాను. ఎవరు నేర్పారు నీకీ సిగ్నల్స్ అని అడిగాను. అరిచానట. అరిచినట్టు నాకు తెలియదు. మామయ్యా నొప్పి, మామయ్యా నొప్పి అంటోంది. అది వినబడుతూనే ఉంది, పక్కింట్లో టీవీలా.

అక్క వచ్చి నన్ను గోడకేసి తోసింది. అక్క సన్నగా ఉంటుంది, అంత బలం ఎక్కడిదో. ఇంకోసారి దాని మీద నీ చెయ్యి పడిందంటే తమ్ముడివని కూడా చూడను అంది.

పిచ్చుక గెంతకుండా నడిచి లోపలికి వెళ్లింది.

ఏప్రిల్ 7, సోమవారం

అక్క వడ్రంగిని పిలిపించి తమ పడగ్గదికి లోపలివైపు గడియ పెట్టించింది. నాకు చెప్పలేదు. నేను ఇంట్లో ఉండగానే పెట్టించింది.

తాళాలు, గడియలు, తలుపులు, ఇవే నా వృత్తి. ఏ తలుపు ఎవరి కోసం మూస్తారో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఏప్రిల్ 11

సీనియర్‌కి ఫోన్ చేసి మన కంపెనీ మోటార్లలో మైకులు పెట్టారని చెప్పాను. పనైతే చెయ్యి, లేకపోతే సెలవు పెట్టు, నా బుర్ర తినకు అన్నాడు. నిన్న కూడా చేశానట. మొన్న కూడా.

పడుకుని ఎన్నాళ్లయిందో.

ఏప్రిల్ 12, శనివారం

సాయంత్రం కళ్ల ఆసుపత్రి బిల్డింగులో పని. పాత లిఫ్టు, చేత్తో లాగి తీసే తలుపులు. మాటిమాటికీ మధ్యలో ఆగిపోతోందని కంప్లయింటు. మెషిన్ రూమ్‌లోకి వెళ్లి ప్యానెల్ తెరిచాను. వైర్లన్నీ ఊపిరి పీలుస్తున్నాయి. నన్ను చూసి ఊపిరి బిగబట్టాయి. అయినా బెదరలేదు. చకచకా పట్టేశాను. నాలుగో అంతస్తు తలుపు లాక్. కొక్కెం అరిగిపోయింది.

లిఫ్టు గుర్రంలా లేచింది. ఇక ఎక్కడా ఆగలేదు. వాచ్‌మన్ నా మొహం వంక, చేతుల వంక చూసి సంతకం కూడా దూరం నుంచే పెట్టాడు. వీడూ వాళ్ల మనిషే.

కళ్లు మూతలు పడుతున్నాయి. ఒళ్లంతా సీసం పోసినట్టుంది.

ఏప్రిల్ 14, సోమవారం, ఉదయం 7.10

ఆదివారం మొత్తం లేదు. పడుకున్నాను, లేచాను, సోమవారం.

లేవగానే ఒకటి గుర్తొచ్చింది. అప్పట్నుంచి కూర్చోలేకపోతున్నాను.

తలుపు లాక్ సరిగా పడకపోతే లిఫ్టు కదలకూడదు. ఏదో ఒక అంతస్తులో తలుపు తెరిచి ఉండగా లిఫ్టు వెళ్లిపోతే, ఆ తలుపు వెనక గొయ్యి తప్ప ఏమీ ఉండదు. అందుకే లాక్‌ల మీదుగా ఒక కరెంటు నడుస్తుంటుంది. ఒక్క లాక్ పడకపోయినా కరెంటు తెగి లిఫ్టు ఆగిపోతుంది. ఏ అంతస్తుదో పట్టుకోవడానికి మేం ప్యానెల్‌లో జంపర్ పెడతాం. జంపర్ అంటే చిన్న వైరు ముక్క. అది అన్ని తలుపులూ వేసే ఉన్నాయని లిఫ్టుకి అబద్ధం చెబుతుంది. తప్పు దొరికాక కొక్కెం మార్చి జంపర్ తీసేయాలి. తీయకుండా మెట్లు దిగావంటే నీ కాళ్లు విరగ్గొడతా అని మొదటి రోజే చెప్పాడు సీనియర్.

జంపర్ పెట్టినట్టు గుర్తుంది. ఎర్రది. తీసినట్టు గుర్తు లేదు.

కొక్కెం మార్చినట్టు కూడా గుర్తు లేదు.

ఉదయం 7.40

సంచి మంచం మీద బోర్లించాను. ఎర్ర వైరు లేదు. కానీ సంచిలో స్క్రూడ్రైవర్లూ లేవు, మీటరూ లేదు. మైకుల కోసం రేడియో విప్పినప్పుడు ఎక్కడెక్కడ పడేశానో. మంచం కింద లేదు. ఇంట్లో ఎక్కడైనా ఉండొచ్చు. ఆ ప్యానెల్‌లోనైనా ఉండొచ్చు.

ఉదయం 8.15

సీనియర్‌కి ఫోన్ చేశాను. సగం కూడా విననివ్వలేదు. మోటార్లో మైకులు అయిపోయాయి, ఇప్పుడు వైరా, నీకు దణ్ణం పెడతా, ఈ వారం డ్యూటీకి రాకు అని పెట్టేశాడు. ఆఫీసుకి చేశాను. నా గొంతు వినగానే పెట్టేశారు. నవ్వులుకి చేశాను. కాసింత వేసుకోరా, అన్నీ గుర్తొస్తాయి అన్నాడు.

జేబులో ఉంది. ఇంకా కొంచెం ఉంది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది. లిఫ్టు ఎలా ఉందండీ అన్నాను. అబ్బ, బ్రహ్మాండంగా ఉందండీ, పొద్దున్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు, మీకు చాలా థాంక్స్ అంది.

 కొక్కెం మార్చి ఉంటే బ్రహ్మాండంగానే ఉండాలి. మార్చకపోయినా, జంపర్ ఉంటే, బ్రహ్మాండంగానే ఉంటుంది.

నాలుగో అంతస్తులోనే కళ్ల ఆసుపత్రి. తొమ్మిదింటికి ఓపీ. అక్కడి నుంచి బయటికొచ్చే వాళ్లెవరికీ కళ్లు సరిగా కనబడవు.

తెల్ల వ్యాను కింద ఉంది.

సాయంత్రం 7.00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మెట్లు దిగాను. వ్యాను పక్క నుంచే వెళ్లాలి. నన్ను లోపలికి లాగేస్తారని తెలుసు, అనుమానం కాదు, తెలుసు. కళ్లు మూసుకుని గోడ పట్టుకుని నడిచాను. ఎవరూ లాగలేదు. ఆ తర్వాత పరిగెత్తాను. దారిలో జేబులోది మురిక్కాలవలో పడేశాను. ధైర్యంతో కాదు. పట్టుకుంటే దొరక్కూడదని.

ఆసుపత్రి బిల్డింగు మెట్లన్నీ ఎక్కి నాలుగో అంతస్తుకి చేరేసరికి అప్పటికే బెంచీల నిండా జనం. లిఫ్టు తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. ఎవరూ ఎక్కొద్దు, ఈ తలుపు ముట్టుకోవద్దు అన్నాను. మెల్లగా చెప్పాననుకున్నాను, అరిచి ఉంటాను. ఒకావిడ బిడ్డని దగ్గరికి లాక్కుంది. నా చేతుల మీద పుళ్లు, మాసిన చొక్కా, విరిగిన పన్ను. నేనైనా నన్ను నమ్మను.

రిసెప్షన్ అమ్మాయి వచ్చి, అన్నా, ఇక్కడ పేషెంట్లు ఉన్నారు, లేవండి, ప్లీజ్ అంది. వాచ్‌మన్ వచ్చాడు. మెషిన్ రూమ్ తాళం ఇవ్వు, ఒక్క నిమిషం చూసి పోతా అన్నాను. నీకా తాళం, కంపెనీ వాళ్లు నీ డ్యూటీ ఆపేశామని ఇప్పుడే చెప్పారు అన్నాడు. లిఫ్టు కరెంటైనా ఆపెయ్యి అని కాళ్లు పట్టుకున్నాను. ముసలివాళ్లున్నారు, నీ మాట విని లిఫ్టు ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది అన్నాడు. రెక్క పట్టి లాగాడు. తలుపు చట్రం పట్టుకుని వేలాడాను. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలువు, వాళ్లొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా అన్నాను. రోజూ పోలీసులకి భయపడి చచ్చేవాణ్ణి నేనే ఆ మాట అన్నాను.

అక్కకి ఫోన్ చేశాను. దాని షాపు దగ్గరే. ఆప్రాన్‌తోనే వచ్చింది, చేతిలో కళ్లద్దాలు తుడిచే గుడ్డ అలాగే ఉంది. జనాన్ని తోసుకుని వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. వైరు సంగతి చెప్పాను.  అంతా విని ఒక్కటే అడిగింది. ఇది నిజమారా, లేక ఆ తెల్ల వ్యాను లాంటిదా?

తెలీదక్కా అన్నాను. నిజంగా తెలీదు. ఉందేమో, లేదేమో.

అక్క నా మొహంలోకి చూసింది, వెలుతురు వైపు తిప్పకుండానే. తర్వాత చీర కొంగు దోపుకుని నా పక్కన నేల మీద కూర్చుంది, అదీ తలుపుకి వీపు ఆనించి. వాచ్‌మన్‌తో, మమ్మల్నిద్దర్నీ కలిపి లాగాలి నువ్వు, లాగు అంది. నాకు మాత్రం నెమ్మదిగా చెప్పింది. వ్యాను గురించి చెప్పినప్పుడు నీకు అంతా తెలుసు అన్నావు. పురుగులప్పుడూ తెలుసు అన్నావు. ఇన్ని రోజుల్లో తెలీదు అన్నది ఇదే. అందుకే కూర్చున్నా.

సీనియర్‌కి అది ఫోన్ చేసింది. ఏమందో నాకు సరిగా వినపడలేదు. చివరి మాట వినపడింది. వాడికి పిచ్చే అన్నయ్యా, నేను కాదనను, కానీ ఈ తలుపు వెనక నీ తల్లి ఉందనుకుని రా.

సీనియర్ వచ్చాడు. నా వంక చూడలేదు. వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని పైకి వెళ్లాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది, పుళ్ల మీదుగానే. నొప్పి పుట్టింది. వదలమనలేదు.

దిగి వచ్చేటప్పుడు సీనియర్ మెట్ల మీద నిదానంగా దిగాడు. ముప్పై ఏళ్ల సర్వీసు. మొహం సున్నం కొట్టినట్టుంది. చేతిలో ఎర్ర వైరు.

అక్కనీ నన్నూ పక్కకి జరగమన్నాడు. లిఫ్టు కిందెక్కడో ఉంది. ఒక చేత్తో గోడ పట్టుకుని రెండో చేత్తో నాలుగో అంతస్తు తలుపు లాగాడు. రాకూడదు. వచ్చింది. కిందంతా చీకటి, తాళ్లు, కింద నుంచి చల్లటి గాలి.

 బెంచీ మీద నుంచి ఒక పెద్దాయన అప్పుడే లేచాడు. రెండు కళ్లకీ ఆకుపచ్చ గుడ్డ అడ్డం, చేతిలో మందుల సంచి. తలుపు చప్పుడు విని మా వైపు రెండడుగులు వేసి, లిఫ్టు వచ్చిందా బాబూ అని అడిగాడు.

రాలేదు పెద్దాయనా, రాలేదు అన్నాడు సీనియర్. ఆయన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వదల్లేదు. పెద్దాయన, ఏమైంది, ఎందుకిలా వణుకుతున్నావ్ అంటున్నాడు.

 

ఏప్రిల్ 15

సీనియర్ ఇంటికొచ్చాడు. కొక్కెం మార్చాం, తలుపు ఇప్పుడు రాయిలా ఉంది అన్నాడు. రిపోర్టు రాయాలి. నిన్ను కాపాడే రాత రాయను, తొక్కే రాతా రాయను, జరిగింది రాస్తా, వైరు పెట్టింది నువ్వే, తలుపుకి అడ్డం కూర్చుంది కూడా నువ్వే అన్నాడు. ఐస్ ఎక్కడిదో అడిగాడు. చెప్పాను. రెండు షిఫ్టులు మీ చేత చేయించినవాణ్ణి నేనే అని తల పట్టుకున్నాడు.

ఉద్యోగం లేదు. తెల్ల వ్యాను ఉంది.

ఏప్రిల్ 17

డాక్టరమ్మ దగ్గరికి అక్క తీసుకెళ్లింది. చేతులకి కట్టు కట్టారు. ఇది పోగొట్టే మాత్ర ఏదైనా ఉందా అని అక్క అడిగింది. ఇలా మింగితే అలా పోయేది ఏదీ లేదమ్మా అంది డాక్టరమ్మ. నిద్ర, తిండి, ప్రతివారం ఇక్కడికి రావడం, నిజం చెప్పడం. వ్యాను, పురుగులు వాటంతటవే పలచబడతాయి, కొంతకాలం పడుతుంది, కొందరికి ఎక్కువే పడుతుంది అంది. ఎంత కాలం అంటే చెప్పలేదు. చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

ఏప్రిల్ 26

నిద్ర. తిండి. నిద్ర. నిలబడి బ్రెడ్డు ప్యాకెట్టు మొత్తం తిన్నాను. మళ్లీ నిద్ర.

దేనికీ రుచి లేదు, రంగు లేదు. నవ్వొచ్చే మాటకి నవ్వు రాదు. బతకాలనిపించడం లేదని డాక్టరమ్మకి చెప్పాను. గుచ్చి గుచ్చి అడిగింది, నిజం చెప్పాను. అక్కని లోపలికి పిలిచి నా ముందే చెప్పింది. ఇప్పుడు అక్క షాపుకి సెలవు పెట్టి వంటింట్లో ఊరికే గిన్నెలు కడుగుతోంది, కడిగినవే మళ్లీ.

మే 11, ఆదివారం

నవ్వులు కనబడ్డాడు. కనబడ్డాడు అని రాయడం అబద్ధం. వెళ్లి వెతికాను.

వేసుకున్నాను. ఇంటికొచ్చి మెట్ల మీదే అక్కకి చెప్పాను. అక్క తిట్టలేదు. చేతిలో కూరగాయల సంచితో మెట్టు మీద కూర్చుండిపోయింది. పక్కింటివాళ్లు దిగుతూ దాన్ని దాటుకుని వెళ్లారు. తర్వాత లేచి, చెప్పావు కదా, పద లోపలికి అంది.

ఆ రెండు ముక్కలు అనడానికి ఎంత మింగిందో.

మే 12

వ్యానులో ముగ్గురున్నారు. లేరని కాగితం మీద రాస్తున్నాను. లేరు. లేరు. కిటికీ దగ్గరికి వెళ్లను.

జూన్ 19

పళ్ల డాక్టరు రెండు పళ్లు పీకాడు. మిగతావి కాపాడదాం అన్నాడు.

భోజనాల దగ్గర పిచ్చుక బల్లకి ఆ చివర కూర్చుంటుంది, అక్క అవతల. ఇవాళ నీళ్ల గ్లాసు పట్టుకుని నన్ను చాలాసేపు చూసి, మామయ్యా, ఇప్పుడు నువ్వు నువ్వేనా అని అడిగింది.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

చాలావరకు నేనే అన్నాను. ఎక్కువ తక్కువలు లేకుండా అదే నిజం. పిచ్చుక ఆలోచించింది. మిగిలింది ఎప్పుడొస్తుంది అంది. తెలీదమ్మా అన్నాను. సరే అని అన్నం తింది. దగ్గరికి రాలేదు. రావాలని నేనూ అనలేదు.

జూలై 8

సీనియర్ గోడౌన్‌లో చిన్న పని ఇప్పించాడు. పాత బోల్టులు సైజుల వారీగా వేరు చేయడం. మెషిన్ రూమ్ గడప తొక్కకూడదు, పనిముట్లు ముట్టకూడదు. తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

వేళ్లు ఇంకా వణుకుతాయి. చిన్న బోల్టులు జారిపోతాయి. అరడజను సార్లు ఏరుకుంటాను. ఎక్కడ పెట్టానో మర్చిపోతాను. మొత్తం డబ్బా బోర్లించి మొదటి నుంచి చూస్తాను. చూడు, ఎన్నిసార్లయినా చూడు, నిన్ను తొందరపెట్టేవాడు ఇక్కడ లేడు అంటాడు సీనియర్.

వీధిలో ముసలివాళ్లెవరైనా కర్ర తడుముకుంటూ నడుస్తుంటే నేను ఆ పక్కకి వెళ్లలేను. రోడ్డు దాటి పోతాను.

ఆగస్టు 2, శనివారం, మధ్యాహ్నం 3.00

భోంచేసి కునుకు తీస్తే కలలో వేసుకున్నాను. ఎంత బాగుందో రాయడానికి భయమేస్తోంది.

అక్క షాపుకి ఫోన్ చేసి చెప్పాను. ఎవరికో చూపు పరీక్ష జరుగుతోందట. ఉండు, పెట్టెయ్యకు అని ఫోన్ బల్ల మీద పెట్టింది. అవతల ఎవరో గోడ మీది అక్షరాలు చదువుతున్నారు. తప్పులు చదువుతున్నారని గొంతులోనే తెలుస్తోంది. అక్క దిద్దడం లేదు, తర్వాతది అంటోంది, తర్వాతది.

వింటున్నాను.